మేడమ్ గారూ, ఆ నాలుగు గళ్లలో ఏం రాయమంటారు?

ఈ నెల ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోల. టీచర్లు తమకు తామే 1 నుంచి 4 దాకా వేసుకునే స్వీయ మూల్యాంకన పత్రం ఒకటి, దానికి తోకగా "మీ బడి బాగు కోసం ఏదైనా ప్రాజెక్టు చేసి చూపించండి" అన్న మాట ఒకటి. నేను 1985 నుంచి 2019 దాకా ప్రకాశం జిల్లా పడమటి మండలాల్లో పాఠాలు చెప్పి, చివరి ఏడేళ్లు హెచ్చెమ్‌గా, అంటే ప్రధానోపాధ్యాయురాలిగా చేసి దిగినదాన్ని. అలాంటి పత్రాలు నింపాను, నింపించాను, చదవకుండా సంతకాలూ పెట్టాను. అందుకని ఈసారి జవాబుల్లో నా తప్పులు కూడా కొన్ని బయటపడతాయి.

*

మేడమ్ గారికి నమస్కారం. నేను 2018 డీఎస్సీలో వచ్చిన ఎస్‌జీటీని, అంటే ప్రాథమిక తరగతుల టీచర్ని. మాది ఇద్దరు టీచర్ల ప్రాథమిక పాఠశాల, 31 మంది పిల్లలు. పోయినేడు మూల్యాంకన పత్రం నింపమంటే, గ్రూపులో ఎవరో నింపి పెట్టినదాన్ని చూసి అన్నింట్లోనూ 4 వేసేశాను. ఈ ఏడు "పాఠశాల అభివృద్ధి" వరసలో ఏం చేశారో ఆధారం చూపించాలంటున్నారు. ప్రాజెక్టు అంటే గోడలకు రంగులు వేయించడమా? దాతల్ని పట్టుకురావడమా? నాకు ఆ రెండూ చేతకావు.
– ఒక టీచరు, మార్కాపురం దగ్గర పల్లె

అందరూ నాలుగులే వేస్తారమ్మా. నేను హెచ్చెమ్‌గా ఉన్నప్పుడు మా స్టాఫ్ ఏడుగురూ నాలుగులే వేసి తెచ్చారు. సంతకం పెట్టి పంపాను. ఆ కాగితం ప్రకారం మా బడిని మించిన బడి దేశంలో ఉండకూడదు. అదే వారం మా ఐదో తరగతిలో తొమ్మిది మందికి అప్పు తెచ్చుకునే తీసివేత రాదని తేలింది.

మీరు చెప్పిన గళ్లను బట్టి చూస్తే అది పిండిక్స్ అనే, టీచరు పనితీరును చూసే నమూనా. ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు 2013లో తయారుచేశారు. అందులో ఏడు అంశాలు: పాఠానికి ముందుగా సిద్ధం కావడం, సబ్జెక్టు మీద పట్టు, బోధించే తీరు, నలుగురితో మెలిగే తీరు, వృత్తిలో ఎదుగుదల, పాఠశాల అభివృద్ధి, హాజరు. 1 వేస్తే ప్రమాణానికి ఇంకా రాలేదని, 2 అంటే దగ్గర్లో ఉన్నామని, 3 అంటే అందుకున్నామని, 4 అంటే దాటిపోయామని. అన్నీ దాటిపోయామని రాసి, పక్కనే "వృత్తిలో ఎదుగుదల" గడిలో శిక్షణ కావాలని అడుగుతాం. దాటిపోయినవాళ్లకు శిక్షణ ఎందుకు?

ఇక ప్రాజెక్టు. నేను చేసిన ఒకదాని సంగతి చెబుతాను. అప్పట్లో దాన్ని ప్రాజెక్టు అంటారని నాకు తెలీదు.

2004లో నేనున్నది పొగాకు ఎండబెట్టే బేరన్ల ఊరు. నాలుగు మైళ్ల అవతల శుక్రవారం సంత. బడిలో 42 మంది పేర్లున్నాయి. మామూలు రోజున 35, 36 మంది వచ్చేవాళ్లు, శుక్రవారం మాత్రం ఇరవై దాటేవాళ్లు కాదు. తల్లిదండ్రులకు చదువంటే లెక్కలేదని నేనూ మా మాస్టారూ తీర్మానించేశాం. పిల్లల చేతికి అట్టలిచ్చి ఊరంతా ర్యాలీ తీశాం. డప్పు కొట్టించాం. రెండు శుక్రవారాలు ముప్పై మంది దాకా వచ్చారు. మూడో శుక్రవారం మళ్లీ ఇరవై. డప్పు కొట్టినతనికి ఇచ్చిన డబ్బులు దండగ.

తరవాత ఒక ఆదివారం ఏమీ తోచక హాజరు పట్టీ ముందేసుకున్నాను. గీతల కాగితం తీసుకుని మూడు నెలల శుక్రవారాలు వరసగా రాసి, రానివాళ్ల పేర్లకు ఎదురుగా గీతలు పెట్టుకుంటూ పోయాను. రానివాళ్లు వారానికొకరు మారడం లేదు. పదిహేడు పేర్లే తిరిగి తిరిగి వస్తున్నాయి. అందులో పన్నెండు మంది మూడు, నాలుగు, ఐదు తరగతుల ఆడపిల్లలు. పన్నెండు మంది ఇళ్లలోనూ చంకన ఎత్తుకునే చెల్లో తమ్ముడో ఉన్నారు. తల్లులు మునక్కాయలు, చింతచిగురు, గుడ్లు గంపలకెత్తుకుని సంతకు పోతే ఇంట్లో పసిపిల్లను చూసేది ఈ పిల్లే. మరి అంగన్‌వాడీ ఉంది కదా అని పోయి చూస్తే తాళం. ఆయమ్మ కూడా సంతకే పోయింది!

ఆ తరవాత చేసిన పని చాలా చిన్నది. అంగన్‌వాడీ టీచరునీ ఆయమ్మనూ నలుగురు తల్లులనూ బడి వరండాలో కూర్చోబెట్టి టీలు తెప్పించాను. శుక్రవారం ఆయమ్మ మధ్యాహ్నం తరవాత సంతకు పోయేట్టు ఒప్పుకుంది. ఆమెకు కావలసిన సరుకులు పొద్దున పోయే తల్లులే తెచ్చిపెడతామన్నారు. అప్పటికే బడిలో వేడిగా అన్నం వండి పెట్టడం మొదలై ఏడాది దాటింది కాబట్టి, చెల్లెల్ని వదలలేని ఇద్దరు పిల్లల్ని చెల్లెళ్లతో సహా రానిచ్చాను. దసరా సెలవుల తరవాత శుక్రవారం హాజరు 31కి వచ్చి అక్కడ నిలబడింది.

36 కాలేదు. మేకల వెంట పోయే నలుగురు నాకు లొంగలేదు. పొగాకు గుచ్చే రోజుల్లో మరో ఇద్దరు ముగ్గురు తగ్గేవాళ్లు. ఆ సంగతీ అదే కాగితం మీద రాసి పెట్టాను. ఖర్చు నాలుగు టీలు, ఒక గీతల కాగితం. నేను పంతొమ్మిదేళ్లుగా రోజుకు రెండు పూటలా హాజరు వేస్తున్నాను. దాన్ని ఒకసారైనా చదవాలని అప్పటిదాకా తోచలేదు. మీ పత్రంలో "ఎదుగుదల" అన్న గడిలో నేనైతే ఆ ముక్క రాసేదాన్ని.

మీ బడికి వద్దాం. 31 మందిని ఒక్కొక్కరినీ పక్కన కూర్చోబెట్టుకుని అక్షరం, పదం, పేరా, కథ అనే నాలుగు మెట్ల మీద చదివించి చూడండి. ప్రథమ్ సంస్థవాళ్లు 2005 నుంచి అసర్ అనే పల్లె పిల్లల చదువుల సర్వేలో ఇదే పద్ధతిలో చూస్తున్నారు. పిల్లకు ఐదు నిమిషాలు, మొత్తం 155 నిమిషాలు, మూడు రోజుల్లో అయిపోతుంది. పదాలు చదివి పేరా దగ్గర ఆగిపోయేవాళ్లు కొందరు తేలతారు. మన తెలుగులో ఆ ఆగడం చాలాసార్లు ఒత్తుల దగ్గరే. "పలక", "గుడిసె" గడగడా చదివిన పిల్లవాడు "వస్త్రం" దగ్గర నోరు మూసుకుంటాడు. అలాంటివాళ్లు తొమ్మిది మంది ఉన్నారనుకోండి, ఆ తొమ్మిది పేర్లే మీ ప్రాజెక్టు. ఎనిమిది వారాలు, రోజూ అరగంట. బస్సు బోర్డులు, రేషన్ కార్డు, బిస్కెట్ పొట్లాల మీది అక్షరాలు ఏరుకోండి. క్రావడిని, యవత్తును ఒకే వారంలో కలపకండి, పిల్లలు తికమకపడతారు. ఎనిమిది వారాల తరవాత అవే నాలుగు మెట్ల మీద మళ్లీ చూడండి. ఆధారం అడిగినప్పుడు మొదటి తేదీ పేజీ, చివరి తేదీ పేజీ పక్కపక్కన పెట్టండి. గడిలో ధైర్యంగా 2 వేసి, ఎందుకు వేశారో ఒక వాక్యం రాయండి. నాలుగుల కట్టలో ఒక 2 కనిపిస్తే చదివేవాడు ఆగి చూస్తాడు, చూడండి.

రంగులంటారా? ఆంధ్రలో నాడు-నేడు, తెలంగాణలో మన ఊరు – మన బడి అంటూ గోడలకు, నీళ్లకు, మరుగుదొడ్లకు విడిగా పథకాలే నడిచాయి. అది టీచరు సొంతంగా మోయాల్సిన బరువు కాదు.

*

ఆ మూల్యాంకన పత్రంలో తక్కువ వేసుకుంటే ఇంక్రిమెంటు ఆపేస్తారా?
– పేరు వద్దన్న ఎస్‌ఏ (స్కూల్ అసిస్టెంట్), కడప జిల్లా

పేరు వద్దనడంలోనే మీ భయం తెలుస్తోంది. పిండిక్స్ టీచరు తనను తాను చూసుకోవడానికి, హెచ్చెమ్‌తో కూర్చుని మాట్లాడుకోవడానికి పెట్టినది. ఇంక్రిమెంటు సంగతి ప్రభుత్వోద్యోగుల సర్వీసు నిబంధనల్లోని ఫండమెంటల్ రూల్ 24 చూసుకుంటుంది. మామూలుగా అది దానంతట అదే రావలసిందే. ఆపాలంటే అధికారం ఉన్నవాళ్లు దానికి వేరే ఉత్తర్వు ఇవ్వాలి. మీ అంతట మీరు 2 వేసుకున్నంత మాత్రాన జీతం కాగితం కదలదు.

*

నేను ప్రాథమికోన్నత పాఠశాల హెచ్చెమ్‌ని. తరగతి పరిశీలన చేసి టీచర్లకు సలహాలివ్వమని పైనుంచి చెబుతున్నారు. నేను వెనక బెంచీలో కూర్చోగానే టీచరు గొంతు మారిపోతుంది, పిల్లలు బిగుసుకుపోతారు. బయటికొచ్చాక "బాగుంది సార్" అనడం తప్ప ఏం చెప్పాలో తోచదు. మా స్టాఫ్‌లో నాకంటే సీనియర్లు ఇద్దరున్నారు.
– హెచ్చెమ్, నల్లగొండ జిల్లా

సార్, మన రక్తంలో తనిఖీ ఉంది. నా చిన్నప్పుడు మా ఊరి బడికి ఇన్‌స్పెక్టరు వస్తున్నాడంటే వారం ముందే కబురు. మా చేత బడి అలికించి ముగ్గులు పెట్టించేవాళ్లు. వచ్చే ప్రశ్నలకు జవాబు తెలిసినవాళ్లు కుడిచెయ్యి, తెలియనివాళ్లు ఎడమచెయ్యి ఎత్తాలని మా మాస్టారు నేర్పాడు. ఇన్‌స్పెక్టరు ఎప్పుడు అడిగినా చేతులన్నీ లేచేవి! ఆయన భోజనానికి కోడిని ఎవరింటినుంచి తేవాలో కూడా వంతులుండేవి. ఆ జ్ఞాపకం మీరు వెనక బెంచీలో కూర్చోగానే టీచరు మెడ మీద కూర్చుంటుంది. మిమ్మల్ని చూసి కాదు బిగుసుకునేది, ఆ బెంచీని చూసి.

నాకు పనికొచ్చినవి రెండు చెబుతాను.

మొదటిది, పరిశీలన ముందు రోజు టీచరునే అడిగేదాన్ని: "రేపు నేను ఏం చూడాలి? ఒక్కటి చెప్పండి." మొదట్లో "అన్నీ చూడండి మేడమ్" అనేవాళ్లు. అన్నీ చూడటం నా వల్ల కాదనేదాన్ని. ఒకసారి మా లెక్కల మాస్టారు, నాకంటే నాలుగేళ్లు పెద్ద, చివరికి విసుక్కుని "నేను అడిగాక ఎంతసేపు ఆగుతున్నానో చూడండి" అన్నారు. చేతి గడియారం పెట్టుకుని కూర్చున్నాను. నలభై నిమిషాల్లో 27 ప్రశ్నలు అడిగారు, ఎక్కువ ప్రశ్నలకు ఒక్క క్షణంలోనే తనే జవాబు చెప్పేశారు. మేరీ బడ్ రో అని అమెరికాలో సైన్సు బోధన మీద పరిశోధన చేసినావిడ ఉంది. టీచర్లు ప్రశ్న అడిగాక సగటున ఒక సెకను మాత్రమే ఆగుతారని, మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబులు పొడవవుతాయని, ఎప్పుడూ మాట్లాడని పిల్లలు కూడా నోరు తెరుస్తారని యాభై ఏళ్ల కిందటే చూపించింది. నేను ఆ పేరు ఎత్తలేదు. 27 అన్న అంకె ఒక్కటే చీటీ మీద రాసి చేతికిచ్చాను. ఆయన దాన్ని జేబులో పెట్టుకున్నారు. పై వారం ఆయన గది ముందునుంచి పోతుంటే లోపల నిశ్శబ్దం. గొడవేమో అని తొంగి చూశాను. మాస్టారు సుద్దముక్క పట్టుకుని, పెదవులు కదుపుతూ మూడు లెక్కపెడుతున్నారు.

రెండోది, టీచరు ఏం చేశారో రాయడం మానేసి పిల్లలు ఏం చేశారో రాయడం. "బోధనోపకరణాలు వాడలేదు" అన్న మాట టీచరును గుచ్చుతుంది. "మూడో వరసలో ఇద్దరు పిల్లలు పది నిమిషాలపాటు పుస్తకం తెరవలేదు" అంటే ఇద్దరం కలిసి ఆ పిల్లల వైపు చూస్తాం. జపానులో టీచర్లు వందేళ్లకు పైగా ఇలా చేస్తున్నారు. కొందరు కలిసి ఒక పాఠం తయారుచేస్తారు, ఒకరు చెబుతారు, మిగతావాళ్లు నిలబడి పిల్లల్ని చూస్తారు, తరవాత అందరూ పాఠం గురించి మాట్లాడుకుంటారు. పాఠం అందరిదీ కాబట్టి తప్పు ఒక్కరి నెత్తిన పడదు. మీ సీనియర్లు ఇద్దరితో ముందు మీ పాఠాన్నే చూడమనండి సార్. మీరు తప్పు చేస్తూ దొరికిపోతే సగం మంచు కరుగుతుంది.

పైవాళ్లకు కాగితం కావాలంటే, బడి మొత్తాన్ని అంచనా వేసే శాలాసిద్ధి చట్రం ఉండనే ఉంది, 2015లో వచ్చినది: ఏడు రంగాలు, 46 ప్రమాణాలు. బడి ముందు తన్ను తాను అంచనా వేసుకోవాలి, తరవాత బయటివాళ్లు వచ్చి చూడాలి, ఆపైన మెరుగుదల ప్రణాళిక రాసుకోవాలి. 46ను చూసి దడుచుకోకండి. ఏడాదికి రెండు పట్టుకుంటే చాలని నా అభిప్రాయం. మిగతా 44 ఎటూ పారిపోవు.

*

అమ్మా, నేను ఏడో తరగతి దాకా చదివాను. మా ఊరి స్కూలు కమిటీకి చైర్మన్ని. సార్ పుస్తకం పంపి సంతకం పెట్టమంటారు, పెడతాను. పోయినసారి అందులో "పాఠశాల అభివృద్ధి ప్రణాళిక" అని రాసుంది. అది నేను చేయాలంట, నిజమేనా?
– ఒక తల్లి, వనపర్తి జిల్లా

నిజమే తల్లీ. విద్యాహక్కు చట్టం, 2009లో చేసింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఆ చట్టం 21వ సెక్షన్ ప్రకారం కమిటీలో నాలుగింట మూడు వంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తంలో సగం మంది ఆడవాళ్లు ఉండాలి. 22వ సెక్షన్ ప్రణాళిక తయారుచేసే పని కమిటీకే అప్పజెప్పింది. మూడేళ్లకు ఒక ప్రణాళిక, అందులో ఏడాదికొక ముక్క. పిల్లలు ఎంతమంది వస్తారు, టీచర్లు ఎంతమంది కావాలి, గదులు, నీళ్లు, డబ్బు ఎంత కావాలి అన్నవి అందులో రావాలి.

మీ సార్ మీద నాకు కోపం లేదు. ఆయన రాత్రిపూట ఒక్కడే కూర్చుని రాసి ఉంటాడు, పాపం. నేనూ అలాగే రాశాను. ఈసారి పుస్తకం వస్తే "చదివి వినిపించండి సార్, తరవాత పెడతా" అనండి. మర్యాదగానే అనండి. మీకు తెలిసి ఆయనకు తెలియని సంగతులు ఉంటాయి. మా బడిలో చేతిపంపు మరమ్మతు అని మూడేళ్లు రాసి పంపాం. ఒక తల్లి కమిటీలో లేచి "పంపు బాగైనా మా పిల్లలు తాగరు, ఆ నీళ్లు ఉప్పన. పళ్లు పచ్చబడతాయి" అంది. మాది ఫ్లోరైడు ప్రాంతం. అప్పటిదాకా ఆ సంగతి మా ప్రణాళికలో ఒక్క వాక్యం లేదు. నేను రోజూ ఇంటినుంచి సీసాలో నీళ్లు తెచ్చుకుని తాగేదాన్ని, అదీ అసలు సిగ్గుపడాల్సిన సంగతి.

*

ఫొటోలు, యాప్‌లు, హాజరు, బియ్యం లెక్క, గుడ్ల లెక్క. వీటి మధ్య ప్రాజెక్టు ఎక్కడ చేయమంటారు మేడమ్? మీకేం, రిటైరయ్యారు.
– కోపంగా ఉన్న ఒక టీచరు

కోపం న్యాయమైనది. రిటైరయ్యాను కాబట్టి గట్టిగానే అంటాను: విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ ప్రకారం చదువుకు సంబంధం లేని పనుల్లో జనాభా లెక్కలు, విపత్తు సహాయం, ఎన్నికలు, ఈ మూడింటికే టీచర్లను పంపవచ్చు. ఫోనులో వచ్చిపడే పనుల గురించి ఆ చట్టం రాసినవాళ్లు ఊహించి ఉండరు. వాటి మీద సంఘాల్లో కొట్లాడండి. ఒకటి మాత్రం చెప్పగలను. ప్రాజెక్టు అని కొత్తగా ఇంకో పని నెత్తికెత్తుకోకండి. ఆ గుడ్ల లెక్కలోనే ఏ రోజు ఎందరు తినకుండా మిగులుస్తున్నారో చూడండి. మీరు ఎలాగూ రాస్తున్న లెక్కే కదా.

*

విజయవాడలో ఒక ప్రైవేటు స్కూల్లో హైస్కూలు లెక్కలు చెబుతాను. మా మూల్యాంకనం రెండు అంకెలు: నా సెక్షన్ సగటు మార్కు, వేసవిలో నేను తెచ్చిన అడ్మిషన్లు. పోయినేడు నాకు చివరి సెక్షన్ ఇచ్చి, సగటు తక్కువని జీతం పెంచలేదు. ఎదుగుదల అన్న మాట మాకు వర్తిస్తుందా?
– ఒక మాస్టారు

మాస్టారూ, అడ్మిషన్ల గురించి నా దగ్గర జవాబు లేదు. అది మార్కెటింగు, బోధన కాదు.

మార్కుల గురించి కొంత చెప్పగలను. అమెరికాలో చాలా రాష్ట్రాలు పిల్లల మార్కుల పెరుగుదలను లెక్కగట్టి టీచర్లకు అంకెలు వేశాయి. 2014లో అక్కడి గణాంక శాస్త్రవేత్తల సంఘమే దాని మీద ప్రకటన చేసింది. పిల్లల మార్కుల్లో కనిపించే తేడాల్లో టీచర్ల వల్ల వచ్చేది, చాలా అధ్యయనాల ప్రకారం, 1 నుంచి 14 శాతం మధ్యనే అని చెప్పింది. టీచరు ప్రభావం తక్కువని దీని అర్థం కాదని కూడా వాళ్లే చెప్పారు. పిల్లవాడి ఇల్లు, వెనకటి చదువు, ఇంకా ఎన్నో కలిసి ఆ మార్కు వస్తుంది. ఆ రాష్ట్రాలవాళ్లు ముందటేడు మార్కు, ఈ ఏడు మార్కు రెండూ పట్టుకుని లెక్క కట్టారు, అయినా ఇదీ పరిస్థితి. మీ స్కూలువాళ్లు ముందటేడు మార్కును చూడనే లేదు. చివరి సెక్షన్ పిల్లల్ని మొదటి సెక్షన్ పిల్లలతో పోల్చి మీ జీతం తేల్చారు.

జూన్ మొదటి వారంలోనే మీరే ఒక చిన్న పరీక్ష పెట్టుకోండి. భిన్నాలు, దశాంశాలు, రుణ సంఖ్యలు, పది లెక్కలు చాలు. ఆ కాగితాలు దాచుకోండి. డిసెంబరులో అవే రకం పది. యాజమాన్యం ఒప్పుకుంటుందో లేదో నేను హామీ ఇవ్వలేను. ఒప్పుకోకపోతే ఆ కట్టను రేపు ఇంకో స్కూలు ఇంటర్వ్యూకు తీసుకెళ్లండి. నేను హెచ్చెమ్‌గా విద్యా వాలంటీర్లను ఎంచుకునేటప్పుడు అలాంటి కట్ట తెచ్చిన అబ్బాయి ఒక్కడే కనిపించాడు. అతనికి మార్కుల జాబితా అంత గొప్పగా లేదు. అతన్నే తీసుకున్నాను.

*

డైట్‌లో, అంటే జిల్లా టీచరు శిక్షణ సంస్థలో, నేర్పిన పద్ధతిలో నా తరగతిలోనే చేసి చూసే చర్యా పరిశోధన చేశాను మేడమ్. ఎక్కాలను పాటలుగా నేర్పితే గుణకారం బాగా వస్తుందనుకున్నాను. పాటలు బాగా వచ్చాయి, గుణకారం రాలేదు. వచ్చే కాంప్లెక్స్ మీటింగులో (చుట్టుపక్కల బళ్ల టీచర్లు కలిసేది) నా వంతు. ఏం చూపించను?
– ఒక ఎస్‌జీటీ, సింగరాయకొండ దగ్గర

అదే చూపించండి నాన్నా!

నేను కొత్తగా చేరిన రోజుల్లో బ్రిటిష్ సాయంతో ఏపీపీఈపీ అని ప్రాథమిక విద్యా పథకం ఒకటి నడిచింది. ఉపాధ్యాయ కేంద్రాలు పెట్టి, చుట్టుపక్కల బళ్ల టీచర్లను అక్కడ కలిపేవాళ్లు. చేస్తూ నేర్చుకోవడం, పరిసరాలను వాడుకోవడం, పిల్లల పనిని గోడల మీద ప్రదర్శించడం, ఇలా ఆరు సూత్రాలు. మంచి సూత్రాలు. మా కేంద్రంలో ఏమయిందంటే, ఒకావిడ మొదటి నెల చీపురుపుల్లల కట్టలతో పదులు, ఒకట్లు చూపించి చప్పట్లు కొట్టించుకుంది. రెండో నెల తొమ్మిది మంది చీపురుపుల్లలు తెచ్చారు. మూడో నెల నేను చింతపిక్కలు తెచ్చి మార్పు అనుకున్నాను. ఏడాది పొడుగునా ఒక్కరైనా "ఇది మా బడిలో పనిచేయలేదు" అనలేదు. పక్క బడి చీపురుపుల్లలు నా బడిలో ఎందుకు పనిచేయలేదో నేను అడగలేదు, ఎవరూ చెప్పలేదు.

చర్యా పరిశోధన అన్న మాటను 1940ల్లో ప్రచారంలోకి తెచ్చినవాడు కర్ట్ లెవిన్ అనే మనస్తత్వవేత్త. చేయి, చూడు, మార్చు, మళ్లీ చేయి అన్నదే ఆయన చెప్పిన చక్రం. మీరు మొదటి చుట్టులో ఉన్నారంతే. "ఏడు ఎనిమిదులు" అంటే మీ పిల్లలు మొదటినుంచి పాట అందుకుంటున్నారా, లేక నేరుగా యాభై ఆరు అంటున్నారా? అదొక్కటి చూసుకుని వెళ్లండి. 2020 జాతీయ విద్యా విధానం టీచరుకు ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలంది. మా కోడలూ టీచరే. ఆన్‌లైన్ శిక్షణ వీడియోను పొయ్యి గట్టు మీద తిరగనిచ్చి పప్పు ఎనుపుతూ ఉంటుంది. మీ పాటలు ఎందుకు పనిచేయలేదో పదిహేను మంది కూర్చుని గంటసేపు వాదించుకుంటే, ఆ 50లో ఒక గంటైనా పప్పు గిన్నె లేకుండా గడుస్తుంది.

*

బదిలీ అయ్యాను. ఇక్కడ రెండేళ్లుగా పిల్లల గురించి రాసుకున్న నోటుపుస్తకం ఉంది. కొత్త బడికి పట్టుకెళ్లాలా? అక్కడ మూల్యాంకనంలో పనికొస్తుందేమో.
– ఒక టీచరు, పొదిలి

కావాలంటే ఫొటోలు తీసుకుని పట్టుకెళ్లండి. పుస్తకం మాత్రం బీరువాలోనే ఉంచి, కొత్తగా వచ్చేవాళ్లకు తాళంతోపాటు ఎక్కడుందో చెప్పండి.

1997లో నేను ఒక పల్లెకు బదిలీ మీద వెళ్లాను. నాకంటే ముందున్న మాస్టారు నేను చేరేలోపే రిలీవై వెళ్లిపోయారు. నెలరోజుల తరవాత, సుద్దముక్కల డబ్బా కోసం ఇనప్పెట్టె అడుగు దాకా వెతికితే ఒక పొడుగు పుస్తకం దొరికింది. పేజీకొక పిల్ల. ఎవరు ఏ పద్యం దగ్గర ఆగారు, ఎవరింట్లో ఎవరు చదివిస్తారు, ఎవరు పొద్దున తినకుండా వస్తారు, అన్నీ గొలుసుకట్టు రాతలో ఉన్నాయి. నాలుగో తరగతి పేజీలు తిప్పుతుంటే ఒకచోట ఎర్ర సిరాతో గీసి ఉంది: "ఎడమ చెవి వినపడదు. ముందు వరసలో, కుడి చెవి మనవైపు ఉండేట్టు కూర్చోబెట్టాలి. పిలిస్తే పలకడు, పొగరు కాదు."

ఆ పిల్లవాణ్ని నేను అప్పటికే మూడు వారాలుగా, మాట వినడం లేదని, వెనక గోడ దగ్గర కూర్చోబెడుతున్నాను.